ఆవుకు రోజూ వంటసోడా వెయ్యాలా, నూకలు తగ్గించాలా?

కాశీనగర్ పాడిరైతు:
మా వంశధార వైపు ఊళ్లలో ఈనిన జెర్సీ క్రాస్ ఆవుకు నూకలు ఉడకబెట్టి తవుడు కలిపి పెడతాం. పాలు పెరుగుతాయి, ఫ్యాట్ మాత్రం పడిపోతుంది. పాల కేంద్రంలో ఫ్యాట్ చూసే కదా రేటు కడతారు. కుడితిలో గుప్పెడు సోడా వెయ్యడం మొదలుపెట్టాక కాస్త నిలబడింది. క్రాస్ ఆవులున్నవాళ్లంతా రోజూ వెయ్యాలంటాను. కాదంటారా?

గుణుపూర్ పశువైద్యుడు:
అన్నా, సోడా చెడ్డది కాదు. దాన్ని నమ్ముకుని నూకలు అలాగే పెట్టడంతోనే పేచీ. మేత మొదట చేరి పులిసే పెద్ద పొట్టలో పీహెచ్ మామూలుగా 6, 7 మధ్య ఉంటుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు. 6 కిందికి దిగితే పీచును అరిగించే ఫైబ్రోబాక్టర్, రూమినోకోకస్ బ్యాక్టీరియా మందగిస్తాయి. ఉడికిన నూక చాలా త్వరగా పులుస్తుంది. పీహెచ్ ఇంకా పడితే స్ట్రెప్టోకోకస్ బోవిస్, ఆ తర్వాత లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం పోగేస్తాయి. ఆ ఆమ్లాన్ని తినే మెగాస్ఫేరా అనే బ్యాక్టీరియా అంత వేగంగా పెరగలేదు. పిండి రేణువుల్ని మింగి పులుపును ఆలస్యం చేసే ప్రోటోజోవా అనే ఏకకణ జీవులు కూడా చచ్చిపోతాయి.

ఫ్యాట్ పడేది ఇక్కడే. పీచు అరగకపోతే వెన్నకు ముడిసరుకైన అసిటేట్ తగ్గుతుంది. పైగా తవుడులో నూనె ఉంటుంది. పులిసిన పొట్టలో బ్యాక్టీరియా ఆ నూనెను మార్చే దారి తప్పి, పొదుగులో వెన్న తయారీని అడ్డుకునే కొవ్వు ఆమ్లం పుడుతుంది. నూక, తవుడు రెండూ కలిస్తే దెబ్బ మీద దెబ్బ.

పర్లాకిమిడి డైరీ:
చెప్పడం తేలికే డాక్టరుగారూ. ఎండాకాలం ఇక్కడ వరిగడ్డి తప్ప ఏం దొరుకుతుంది? దానితోనే ఆవు పాలు నిలుపుతుందా? పెద్ద డైరీలు దాణాలోనే సోడా కలుపుతున్నాయి, వాళ్లకు తెలియకనా?

గుణుపూర్ పశువైద్యుడు:
వాళ్లు ఆవు తినే మొత్తం ఎండు పదార్థంలో, అంటే నీరు తీసేస్తే మిగిలే మేత బరువులో, 0.75 నుంచి 1 శాతం లెక్కన దాణా అంతటా కలుపుతారు, ప్రతి ముద్దతోనూ లోపలికి వెళ్తుంది. ఉదయం కుడితిలో గుప్పెడు వేస్తే నీళ్లతోపాటు కిందికి జారిపోతుంది. పులుపు ముదిరేది మేత తిన్న కొన్ని గంటలకు. ఆవు రోజుకు వంద లీటర్లకు పైగా లాలాజలం మింగుతుంది, అందులో పులుపును విరిచే సోడా సహజంగానే ఉంది. అది ఊరేది నమిలితేనే. అందుకే ముందు గడ్డి, తర్వాత దాణా, అదీ రెండు మూడు విడతలుగా. గడ్డిని మరీ సన్నగా నరకవద్దు, నెమరు తగ్గుతుంది.

పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తున్నాయా చూడండి. పేడ పలచగా నురగతో ఉండి, కడిగితే నూక గింజలు చేతికి తగులుతుంటే పులుపు పెరిగినట్టు అనుమానించాలి.

కాశీనగర్ పాడిరైతు:
మా ఎర్రావు పేడ అలాగే ఉంది డాక్టరుగారూ. నూకలు ఒక్కసారి ఆపెయ్యనా?

గుణుపూర్ పశువైద్యుడు:
వద్దు, వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి. కొత్త మేతకు సూక్ష్మజీవులు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పెళ్లిలో మిగిలిన అన్నం తిని ఆవు ఒక్కసారిగా మేత మానేస్తే మాత్రం సోడాతో ఇంట్లో వైద్యం చెయ్యకుండా వెంటనే డాక్టరును పిలవండి.

పర్లాకిమిడి డైరీ:
విడతలుగా పెట్టడం ఒప్పుకుంటాను. పచ్చిమేత లేని నెలల్లో సోడా మాత్రం ఆపను. లెక్క ప్రకారం దాణాలో కలిపే వేస్తాను.