"నాకు దిక్కు": రంతిదేవుడి పద్యంలో ఈ మాట ఎవరిది?

పోతన భాగవతం నవమ స్కంధంలోని ఈ ఉత్పలమాల మీలో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది.

అన్నము లేదు కొన్ని మధురాంబువు లున్నవి త్రావుమన్న రా
వన్న శరీరధారులకు నాపద వచ్చిన వారి యాపదల్
గ్రన్నన మాన్చి వారికి సుఖంబులు సేయుటకన్న నొండు మే
లున్నదె నాకు దిక్కు పురుషోత్తముఁ డొక్కఁడ చుమ్ము పుల్కసా!

రంతిదేవుడనే రాజు, ఆయన ఇంటిల్లిపాదీ 48 రోజులు తిండీ నీళ్ళూ లేక సొమ్మసిల్లే స్థితిలో ఉన్నారు. చివరికి దొరికిన కాస్త ఆహారం కూడా వరసగా వచ్చిన అతిథులకే సరిపోయింది. మిగిలిన నీళ్ళు గొంతులో పోసుకోబోతుంటే పుల్కసుడొకడు, అంటే ఆనాడు అంటరానివాడిగా చూసిన కులంవాడు, దాహమంటూ వచ్చాడు. అప్పుడు రంతిదేవుడన్న మాటలివి.

ఇన్నేళ్ళూ దీన్ని దానం గురించిన పద్యంగానే చదువుకున్నాను. కిందటి కార్తీకంలో కాశీ వెళ్ళొచ్చాక "దిక్కు" అన్న మాట దగ్గర ఆగిపోయాను.

నాన్న అస్థులు గంగలో కలపడానికి వెళ్ళాం. మర్నాడు సాయంత్రం ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఘాట్ల వెంట ఒక్కదాన్నే నడుస్తున్నాను. దశాశ్వమేధం దగ్గర హారతి జనం. ఇంటి నుంచి అమ్మ ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాను. మెట్టు మీద కూర్చున్న పెద్దావిడ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "తెలుగోళ్ళా తల్లీ? మావాళ్ళు ఎటు పోయారో, నాకు దిక్కు తెలీట్లేదమ్మా."

బస ఎక్కడో చెప్పలేకపోయింది. చీటీ ఏమైనా ఉందా పెద్దమ్మా అంటే కొంగుముడి విప్పింది. మానససరోవర్ ఘాట్ దగ్గర. గంగను ఎడమచేతి వైపు ఉంచుకుని దక్షిణంగా పోతే చాలు, పెద్ద దూరం కాదు. కానీ చౌసట్ఠీ ఘాట్, పాండే ఘాట్ దాటేసరికే ఆవిడ మూడుసార్లు కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా నాన్న గురించి ఒక్కో మాటా అడిగింది. ఇంట్లో ఎవరి దగ్గరా ఏడవని నేను, అక్కడ ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చాను. వాళ్ళవాళ్ళు ఎదురొచ్చాక నా తల నిమిరి, "విశ్వనాథుడే నిన్ను పంపాడు తల్లీ" అంది. నా కోసం ఆవిణ్ణి పంపాడని నాకు గట్టిగా అనిపించింది. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆ రాత్రి ఈ పద్యం గుర్తొచ్చింది. దిక్కులేనివాడెవరు? నీళ్ళడిగినవాడే అనుకుంటాం కదా. పద్యంలో మాత్రం "నాకు దిక్కు" అంటున్నది నీళ్ళిచ్చేవాడు! ఉన్న నీళ్ళూ ఇచ్చేస్తే ఇక తనకేమీ లేదు, అందుకే దేవుడొక్కడే దిక్కు అంటున్నాడని నా అన్వయం. పెద్దావిడ అన్న దిక్కు దారి, రంతిదేవుడన్న దిక్కు ఆధారం. ఈ రెండర్థాలూ ఒక్క మాటలో ఎలా కలిశాయి? పెద్దలు చెప్పగలరు.

వ్యాఖ్య: మా దిక్కు తెలంగాణల ఇది దినాం వాడే మాటనే అక్కా. "ఊరి దిక్కు పోతున్న", "జర నా దిక్కు చూడు" అంటం. నాకు తోచింది చెప్తున్న. ఆపదల ఉన్నోడు ఎవరి దిక్కు చూస్తడో వాళ్ళే వానికి దిక్కు. "నీకు దిక్కున్న చోట చెప్పుకో" అంటరు చూడుండ్రి, అండ్ల జాగా ఉన్నది, మనిషీ ఉన్నడు. మా నాయనమ్మ ఎవలన్న సాయం చేస్తే "దేవుని లెక్క అచ్చినవ్ బిడ్డా" అనేది.

వ్యాఖ్య: దిక్కు సరే, "అన్న" సంగతి కూడా చూడండి. సంస్కృత మూలంలో రంతిదేవుడు జాలిపడి గొప్ప మాటలే అంటాడు గానీ, ఆ మనిషిని ఇలా వరస పెట్టి పిలవడు. అది పోతన చేర్చిన పిలుపు. పాదం చివర "రా" అని చేయి చాచి, కింది పాదంలో "వన్న" అంటూ దగ్గరికి తీసుకున్నాడు. "రావన్న"లోని అన్న మొదటి అచ్చుకీ "ఆపద" అచ్చుకీ స్వరయతి, అంటే అచ్చుల పొత్తు. మొదట అన్న అని పిలిచి, పుల్కస అన్న మాటని చిట్టచివరికి నెట్టాడు. ఇంకొకటి, మధురాంబువులంటే పానకం అనుకునేరు. మనం ఇళ్ళలో అనే మంచినీళ్ళే అవి. నీళ్ళు మనకు బహువచనం కాబట్టి "కొన్ని".

వ్యాఖ్య: అన్వయం బాగుంది గానీ ఒక సందేహం. ఆ వచ్చినవాళ్ళంతా దేవతలే, పరీక్షించడానికి వచ్చారు. కథ చివర నిజరూపాలతో కనిపిస్తారు. అలాంటప్పుడు దాన్ని మీ కాశీ సంగతితో పోల్చవచ్చా?

పోస్టు రాసినవారు: దేవతలని తెలిసేది మనకండీ, కథ ముందే వినేశాం కాబట్టి. రావన్న అన్నప్పుడు రంతిదేవుడికి ఎదురుగా ఉన్నది దాహంతో ఉన్న మనిషి. నాకు ఎవరూ నిజరూపం చూపించలేదు. చూపించకపోయినా నమ్ముతున్నాను. తెలంగాణ తమ్ముడికి ప్రత్యేకంగా దండాలు, చూసే వైపే దిక్కు అన్నది నాకు తట్టలేదు. అన్న పిలుపు గురించి రాసిన మీకూ.

వ్యాఖ్య: ఆ పెద్దావిడ పేరేమిటి, ఏ ఊరు?

పోస్టు రాసినవారు: పాలకొల్లు అవతల పల్లెటూరంది. పేరు అడగలేదండీ. దారి పొడుగునా పెద్దమ్మా అనే పిలిచాను.