పాత మినీ లారీ: బ్రేక్ ఆయిల్ తగ్గుతోంది, పెడల్ కిందికి జారుతోంది

ప్రశ్న:
అన్నలూ, నాది పాతికేళ్ల పాత మినీ లారీ. హైడ్రాలిక్ బ్రేకులు, వ్యాక్యూమ్ బూస్టర్ (కాలి నొక్కుడికి బలం కలిపేది). విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు వేసిన చేపల పెట్టెలు ఎత్తుకుని వారానికి రెండుసార్లు అరకు వెళ్తాను. పది రోజులుగా పెడల్ మొదటిసారి నొక్కితే దాదాపు అడుగుకి పోతోంది, రెండోసారి కొడితే పడుతోంది. హనుమంతవాక సిగ్నల్లో నొక్కిపట్టి ఉంచితే మెల్లగా జారిపోతోంది. డబ్బాలో ఆయిల్ వారానికి వేలెడు తగ్గుతోంది. నేల మీద మాత్రం చుక్క కనబడదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) మార్చెయ్యమంటున్నారు. అదేనంటారా? శుక్రవారం మళ్లీ ఘాట్ ఎక్కాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ముందు శుక్రవారం ట్రిప్పు మానుకో. ఆయిల్ పోసుకుంటూ లోడుతో అనంతగిరి ఘాట్ దిగడం ప్రాణాలతో చెలగాటం.

పెడల్ జారుతూ ఆయిల్ తగ్గకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు (రబ్బరు సీలు) అరిగిందని అనుమానించాలి. నీకు ఆయిల్ తగ్గుతోంది, అంటే ఎక్కడికో పోతోంది. నేల మీద పడకుండా పోయే దారులు రెండు. ఒకటి, మాస్టర్ సిలిండర్ వెనక సీలు నుంచి బూస్టర్‌లోకి. రెండు నట్లు విప్పి సిలిండర్‌ని కాస్త ముందుకు జరిపి వెనకవైపు వేలు పెట్టి చూడు, తడి ఉండకూడదు. రెండోది, చక్రం డ్రమ్ము లోపలికి. బండిని రాళ్లు పెట్టి కదలకుండా చేసి, జాకీ ఎత్తి, స్టాండు వేసి డ్రమ్ములు విప్పు. వీల్ సిలిండర్ (బ్రేకు షూలని డ్రమ్ముకేసి తోసేది) రెండు చివర్లా ఉండే రబ్బరు టోపీ అంచుని చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎత్తి చూడు. పైకి పొడిగా కనబడినా, ఎత్తగానే ఆయిల్ జారితే దొంగ దొరికినట్టే. డ్రమ్ములో దుమ్ముని ఎయిర్ కొట్టి ఊదకు. పాత లైనర్లలో (షూల మీద రాసుకునే పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము పీల్చకూడదు, తడిగుడ్డతో తుడువు.

చాసిస్ వెంబడి వెళ్లే స్టీలు పైపులు కూడా గుడ్డతో తుడిచి చూడు. చేపల పెట్టెల ఉప్పునీళ్లు కారేది వాటి మీదే.

ప్రశ్న:
అన్నా, చూశాను. బూస్టర్ వైపు పొడిగానే ఉంది. వెనక ఎడమ చక్రంలో టోపీ ఎత్తగానే నల్లటి ఆయిల్ చేతి మీద కారింది. లైనర్లు తడిసిపోయాయి. సిలిండర్ లోపల గోరుకి తగిలేలా తుప్పు గుంటలు ఉన్నాయి. రబ్బరు కిట్టు వేస్తే సరిపోతుందా?

జవాబు:
సరిపోదు. ఆ గుంటలు కొత్త కప్పుని కూడా కోసేస్తాయి. వీల్ సిలిండర్ మొత్తం మార్చు. తడిసిన లైనర్లని పెట్రోలుతో కడిగి వాడొద్దు, లోపల పీల్చుకున్న ఆయిల్ వేడెక్కగానే మళ్లీ బయటికొస్తుంది. వెనక రెండు చక్రాలకీ కొత్తవి వెయ్యి. ఒక్కవైపే వేస్తే బండి పక్కకి లాగుతుంది. రబ్బరు ముక్కల్ని డీజిల్లో కడగనివ్వకు, ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిలే వాడాలి.

గుంటలు పడింది ఆయిల్లో చేరిన నీటివల్ల. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని లాక్కుంటుంది, మన సముద్రపు గాలి సంగతి చెప్పక్కర్లేదు. డాట్ 3 అనే గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలదాకా మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 140 దాకా పడిపోవచ్చు. ఘాట్‌లో మరిగి ఆవిరి బుడగలు కడితే, నువ్వు నొక్కిన నొక్కుడు బుడగల్ని నలపడానికే సరిపోతుంది, చక్రం ఆగదు. అందుకే పాత ఆయిల్ మొత్తం తీసెయ్యి. బండిలోని ఆయిల్ డబ్బా మూత మీద రాసిన గ్రేడే, సీలున్న కొత్త డబ్బాలో కొను.

బ్రేకు పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం మొదలు. మామూలుగా వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పెడల్ నొక్కి ఉండగా నిపుల్ (చక్రం దగ్గర ఎయిర్ వదిలే చిన్న స్క్రూ) విప్పి, బిగించాకే పెడల్ వదలాలి. పారదర్శకమైన గొట్టంలో బుడగలు ఆగి, ఆయిల్ తేట తేనె రంగులోకి వచ్చేదాకా తియ్యి. మధ్యలో డబ్బా ఖాళీ కానివ్వకు.

చివరగా షూలని చక్రం ఒరుసుకోకుండా దగ్గరగా సెట్ చెయ్యి. మొదటి నొక్కుకి పెడల్ పోవడానికి ఆ సందు కూడా కారణం కావచ్చు. ఇంజన్ ఆపి నిమిషం పాటు గట్టిగా నొక్కిపట్టు, జారకూడదు. తర్వాత నొక్కి ఉంచే ఇంజన్ స్టార్ట్ చెయ్యి, పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు.

ఆటోనగర్ లోపలి రోడ్లలో ఖాళీ బండితో రెండు రోజులు తిప్పు. రోజూ పొద్దున డబ్బా మీద గీత చూడు. గీత కదలకపోతే అప్పుడు లోడు ఎత్తు. దిగుడులో మాత్రం ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు.