దీర్ఘశాంతమా, దీర్ఘశాంతియా? బైబిలులోని సామెతలు 16:32 గురించి ఒక సందేహం

పల్నాటి మనవరాలు: మా నాయనమ్మ పోయి నెల కావస్తోంది. ఆమె తరచూ చెప్పుకొనే వాక్యాన్ని సమాధి రాతి మీద చెక్కించాలని నాన్న కోరిక. నా చెవిలో మిగిలింది ఇది: ‘వీరునికంటె దీర్ఘశాంతి గలవాడు శ్రేష్ఠుడు, పట్టణము పట్టుకొనువానికంటె...’ ఆమె బైబిలు తెరిచి చూస్తే ‘దీర్ఘశాంతము’ అని ఉంది. ఆ మాట తప్పని, ‘శాంతి’ అనే చెక్కించాలని బాబాయి పట్టుబడుతున్నారు. శనివారం లోపు అక్షరాలు రాసి ఇమ్మని శిల్పి అడిగారు. పెద్దలు చెప్పగలరా?

పాతపుస్తకం: పాఠం ఇదమ్మా: ‘పరాక్రమశాలికంటె దీర్ఘశాంతము గలవాడు శ్రేష్ఠుడు, పట్టణము పట్టుకొనువానికంటె తన మనస్సును స్వాధీనపరచుకొనువాడు శ్రేష్ఠుడు.’ వీరుడు కాదు, పరాక్రమశాలి. శాంతమే ఉంచండి. ‘తన శాంతమె తనకు రక్ష’ అన్న సుమతి శతకకారుడికీ, ‘శాంతము లేక సౌఖ్యము లేదు’ అన్న త్యాగయ్యకూ రాని అభ్యంతరం మనకెందుకు?

క్తప్రత్యయం: అభ్యంతరం ఉంది. ‘శాంత’ విశేషణం. 103వ కీర్తనలోని ‘దీర్ఘశాంతుడు’ నిర్దుష్టం. గుణాన్ని చెప్పాలంటే మాత్రం ‘శాంతి’ కావాలి. మీ బాబాయి గారి మాట సబబే.

పాతపుస్తకం: ధాతువుకు ‘క్త’ ప్రత్యయం చేర్చి నపుంసకలింగంలో భావాన్ని చెప్పవచ్చని ‘నపుంసకే భావే క్తః’ అనే పాణిని సూత్రం ఉండగానా? హసితం (నవ్వడం), గతం (వెళ్లడం) ఎలా సరైన రూపాలో శాంతమూ అలాగే.

క్తప్రత్యయం: ఆ సూత్రంతో వచ్చేది శాంతించడం అనే క్రియ. ఇక్కడ కావలసింది మనిషిలో నిలిచి ఉండే గుణం. రెండూ ఒకటి కావు.

ఎడమవైపు లిపి: నేను హీబ్రూ నేర్చుకుంటున్నాను. మీరిద్దరూ రెండో పదం దగ్గరే ఆగిపోయారు, కీలకం ‘దీర్ఘ’లో ఉంది. మూలంలో ‘ఎరెక్ అప్పాయిమ్’ అని ఉంది. అక్షరాలా చూస్తే పొడుగు ముక్కువాడు! ఆ భాషలో ముక్కుకూ కోపానికీ ఒకటే మాట. ఇదే గ్రంథం 14:17లో త్వరగా కోపపడేవాడు పొట్టి ముక్కువాడు. మనకూ కోపం ముక్కు మీదే కదా ఉంటుంది. కాబట్టి ఇతడు కోపం రానివాడు కాదు, వచ్చిన కోపం చివరిదాకా చేరడానికి చాలా దూరం ఉన్నవాడు. అనువాదకులు ‘దీర్ఘ’ను నిలుపుకొని కోపాన్ని శాంతంగా మార్చారు.

పాతపుస్తకం: బాగా పట్టుకున్నారు. గలతీ 5:22లో ‘దీర్ఘశాంతము’ అన్నవారే 1 కొరింథీ 13:4కు వచ్చేసరికి ‘ప్రేమ దీర్ఘకాలము సహించును’ అన్నారు. గ్రీకులో రెండుచోట్లా ఒకటే ధాతువు. అంటే ‘దీర్ఘ’ కాలాన్ని చెబుతోంది.

ఎనిమిదా తొమ్మిదా: నాకు చాలాకాలంగా ఒక ఆలోచన ఉంది. ఈ వాక్యంలో వీరరసం, శాంతరసం ఎదురెదురుగా నిలిచాయి. శంఖచూడుడనే నాగుడికి బదులు తన శరీరాన్ని గరుత్మంతుడికి ఇచ్చిన, నాగానందమనే సంస్కృత నాటకంలోని జీమూతవాహనుడు శాంతనాయకుడా, దయావీరుడా (దయలో వీరత్వం చూపేవాడా) అని మన ఆలంకారికులు వాదించుకున్నారు. సిలువ మీది క్రీస్తు గురించి కూడా అదే ప్రశ్న వేయాలి. నా ఓటు దయావీరుడికే. అయినా ‘శాంతము’ అని చెక్కితే రసం పేరు కూడా పలుకుతుంది.

క్తప్రత్యయం: సామెతల గ్రంథానికి రసాలు చెప్పిన నాట్యశాస్త్రకర్త భరతుడి కొలతలు ఎందుకండీ?

వినుకొండ దారి: పరాక్రమం మాట వచ్చింది కాబట్టి కవి జాషువా గారిని తలచుకోకుండా ఉండలేను. ఆయన కావ్యం ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ గౌరవం దక్కింది నిజమే. అయినా ఈ వాక్యానికి నేను చదివిన గొప్ప వ్యాఖ్యానం ఆయన ‘ఫిరదౌసి’ కావ్యం. పట్టణాలు పట్టుకొన్నవాడు గజనీ మహమ్మదు. పారసీక కవి ఫిరదౌసికి పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని చెప్పి వెండి పంపాడు. ఇద్దరిలో శ్రేష్ఠుడు ఎవరో జాషువా చదివినవారికి చెప్పనక్కరలేదు.

ఎడమవైపు లిపి: కానీ ఫిరదౌసి మండిపడ్డాడు కదండీ. దీర్ఘశాంతుడు ఎలా అవుతాడు?

వినుకొండ దారి: నిలదీయడం దీర్ఘశాంతానికి విరుద్ధమని ఎవరు చెప్పారు? యోహాను 18:23 చూడండి. ప్రధానయాజకుడి ఎదుట బంట్రౌతు చెంప మీద కొడితే ప్రభువు ఊరుకోలేదు, ‘నన్నేల కొట్టుచున్నావు’ అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, తలా దించలేదు. అంతకు కాసేపటి ముందే పేతురుతో కత్తి వరలో పెట్టమన్నాడు. అడిగితే పన్నెండు సేనావ్యూహాలకు మించిన దూతలు వస్తారని కూడా అప్పుడే చెప్పాడు. చేతకానివాడి మౌనానికి ఆ పేరు పెడితే నాకు బాధగా ఉంటుంది. ఊరి చివర పుట్టి అవమానాలు దిగమింగినవారికి ‘ఓర్చుకో’ అని చెప్పడానికి ఈ వాక్యాన్ని వాడటం నేను కళ్లారా చూశాను. జాషువా ఓర్చుకొని ఊరుకోలేదు, పద్యం రాశాడు.

ఎడమవైపు లిపి: ఒప్పుకుంటున్నాను. ఇక్కడి ‘పరాక్రమశాలి’కి మూలం ‘గిబ్బోర్’. న్యాయాధిపతులు 6:12లో దూత గిద్యోనును పిలిచింది ఆ మాటతోనే. అప్పుడు అతడు మిద్యానీయులకు కనబడకుండా గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నాడు. ఆ పిలుపు భయపడుతున్నవాడికి దక్కింది.

పల్నాటి మనవరాలు: అందరికీ కృతజ్ఞతలు. ‘పరాక్రమశాలి’ దిద్దుకున్నాను. నాయనమ్మ ముప్పై ఏళ్లు కుష్ఠురోగుల ఆసుపత్రిలో కట్లు కట్టింది. చిన్నప్పుడు ఒకసారి పక్కన కూర్చొని చూశాను. పుండుకు అతుక్కుపోయిన గుడ్డను లాగేది కాదు. గోరువెచ్చని నీళ్లతో తడిపి, అది దానంతట అది వదిలేదాకా ఆ పాదాన్ని ఒళ్లో పెట్టుకొని కూర్చునేది. అవతలివారు నొప్పితో తిట్టినా చెయ్యి కదిలేది కాదు. పొడుగు ముక్కు సంగతి చదివినప్పుడు ఆ గది కళ్లముందు మెదిలింది. కానీ ఆమె నోట విన్నది ‘శాంతి’ అనే నా గుర్తు. ముద్రణలో ఉన్నది చెక్కించాలా, ఆమె పలికింది చెక్కించాలా?

క్తప్రత్యయం: అమ్మా, మీరు చెప్పిన ఆ కూర్చోవడం క్రియే. అయినా ‘శాంతము’కు నా మనసు ఇంకా ఒప్పడం లేదు. ఆమె పలికిందే చెక్కించండి.

పాతపుస్తకం: వాక్యం ఆమె సొంతం కాదు కదా, గ్రంథంలో ఉన్నట్టే ఉండాలి. ఇంకొక మాట. శిల్పికి ‘కంటె’ అని హ్రస్వంతోనే రాసి ఇవ్వండి. ఇప్పటి అలవాటులో ‘కంటే’ అని దీర్ఘం ఇచ్చేస్తారు.

క్తప్రత్యయం: ‘కంటే’ ఎప్పటి నుంచి తప్పయిందండీ?