‘ఉస్వార్ట్’లో ఆ ‘ఉ’ ఏ నఞ్?

నాలుగో తీగ (పోస్టు): సంస్కృతంలో మాట ముందు చేరి ‘కాదు, లేదు’ అనే ‘అ’, ‘అన్’ల పేరు నఞ్. దానికి ఆరర్థాలు చెప్పే శ్లోకం పొద్దుటి నుంచి నోట్లో నానుతోంది. ‘తత్సాదృశ్యమభావశ్చ తదన్యత్వం తదల్పతా’ దాకా వస్తోంది, ఆపైన రావడం లేదు. ఇప్పుడెందుకంటే, 1994లో హోర్డ్ అనే ఆస్ట్రేలియా ఏకవ్యక్తి బ్యాండ్ తన ఆల్బమ్‌కు నార్వే భాషలో ‘హెల్లిగ్ ఉస్వార్ట్’ అని పేరు పెట్టింది. హెల్లిగ్ అంటే పవిత్రం, స్వార్ట్ అంటే నలుపు. బ్లాక్ మెటల్ అంటే క్రైస్తవాన్ని ఎదిరించే హోరు రాక్ సంగీతం. అదే బాణీలో క్రైస్తవులు పాడేదాన్ని ‘అన్‌బ్లాక్’ అనడం అక్కడి నుంచే. నార్వే బ్లాక్ మెటల్ బ్యాండ్ డార్క్‌త్రోన్ వాళ్ల ‘అన్‌హోలీ బ్లాక్ మెటల్’ నినాదంలోంచి ‘అన్’ పీకి, నలుపుకు తగిలించారన్నమాట. ఇంగ్లీషు ‘అన్’కు నార్వే మాట ‘ఉ’. ఈ ‘ఉ’ ఆ ఆరర్థాల్లో విరోధమే అని నా వాదం.

కీబోర్డు తమ్ముడు: విరోధం పాటల్లో ఉంది అన్నా, సంగీతంలో ఎక్కడుంది? అదే గీరుడు గిటారు, డ్రమ్ముల మీద అదే శరవేగపు బ్లాస్ట్ బీట్, అదే గొంతు చించుకోవడం. కళ్లు మూసుకుని వింటే తేడా తెలీదు. కాబట్టి సాదృశ్యం, అంటే పోలిక. పైగా నార్వే క్రైస్తవ బ్యాండ్ ఆంటెస్టర్ 2005 ఆల్బమ్ ‘ద ఫర్‌సేకెన్’లో డ్రమ్స్ వాయించింది బ్లాక్ మెటల్ బ్యాండ్ మేహెమ్ డ్రమ్మర్ హెల్‌హామరే. అటు చేతులే ఇటూ వాయించాక విరోధం ఏమిటి?

వ్యాకరణం మాస్టారు: ‘అప్రాశస్త్యం విరోధశ్చ నఞర్థాః షట్ ప్రకీర్తితాః’. తమ్ముడు చెప్పింది ‘అబ్రాహ్మణః’ వంటిది. పోలిక ఉండాలి, అది కాకూడదు. కానీ నాకు అన్యత్వం, అంటే వేరొకటి కావడం, అనిపిస్తోంది, ‘అనశ్వః’ (గుర్రం కానిది) లాగా.

ఓస్లో కోడలు: మాస్టారూ, ఇక్కడ వాడుక వేరండి. గ్రెస్ అంటే గడ్డి, ఉగ్రెస్ అంటే కలుపు. వేర్ వాతావరణం, ఉవేర్ అంటే గాలివాన. దీర్ జంతువు, ఉదీర్ రాక్షసమృగం. అంటే మీ శ్లోకంలో అప్రాశస్త్యం, చెడ్డతనం! ఆ లెక్కన ఉస్వార్ట్ అంటే ‘చెడ్డ నలుపు’ కూడా అవ్వొచ్చు.

నాలుగో తీగ: ముందు ‘హెల్లిగ్’ పెట్టుకుని చెడ్డ నలుపు ఎలా అవుతుందమ్మా?

ఓస్లో కోడలు: అందుకే అడుగుతున్నా. ‘ఉ’ అన్నిసార్లూ కేవలం ‘కాదు’ కాదు. వేరు మాత్రం మన ‘అ’, ‘అన్’లదే.

కీబోర్డు తమ్ముడు: ఆ ఆల్బమ్‌లో ఒక పాట పేరు ‘ఇన్వర్ట్ ది ఇన్వర్టెడ్ క్రాస్’. తలకిందుల సిలువను మళ్లీ తలకిందులు చెయ్యి అని. రెండు నఞ్‌లు కలిస్తే ఏమవుతుంది మాస్టారూ?

వ్యాకరణం మాస్టారు: రెండు నఞ్‌లు కలిస్తే ‘కాదు’ పోయి, అసలు మాట అర్థమే గట్టిపడుతుంది. ఇంతకీ దీన్ని తెలుగులో ఏమనాలి? అచ్చతెలుగు మాటకు ముందు ‘అ’ అతకదు. ‘అనల్ల’ అంటే నేను గుంపు వదిలిపోతాను.

పాత పుస్తకాల వీధి: నలుపేతరం?

వ్యాకరణం మాస్టారు: వైరిసమాసం. తెలుగు మాటకు సంస్కృతం మాట అతికించకూడదు.

పాత పుస్తకాల వీధి: అకృష్ణం అంటే కృష్ణుడు లేని గుడి అనుకుంటారు. ‘నలుపు లేని’ అంటే అభావం, ‘నలుపు కాని’ అంటే అన్యత్వం. మన భాషలో ముందే తేల్చుకుని నోరు తెరవాలి. వాళ్లు ఒక్క ‘ఉ’తో తప్పించుకున్నారు.

కీర్తనల అత్తయ్య: ఇంత గొడవ ఎందుకు బాబూ, 139వ కీర్తనలో ఉందిగా, ‘చీకటియైనను నీకు చీకటి కాకపోవును’. చీకటి ఉంది, అయినా చీకటి కాదు. ఇది ఆరింటిలో ఏది?

వ్యాకరణం మాస్టారు: అత్తయ్యగారూ, ఇది ఏడోది.

పాత పుస్తకాల వీధి: ‘అ’ని నిజంగా తిప్పికొట్టింది జాషువా. గబ్బిలం ఇంట్లోకొస్తే అశుభం అంటారు కదా, ఆయన 1941లో దాన్నే కాశీలో శివుడి దగ్గరికి దూతగా పంపాడు. అది అన్‌బ్లాక్ కాకపోతే మరేది? ఈ ఊళ్లో కాళిదాసు దూతగా పంపిన మేఘానికి పని లేదన్నట్టు!

కీర్తనల అత్తయ్య: ఆయన ‘క్రీస్తు చరిత్ర’కే కదా 1964లో సాహిత్య అకాడెమీ ఇచ్చింది. నన్నడిగితే గబ్బిలమే గొప్పది.

పాత పుస్తకాల వీధి: రెండో భాగంతో కలిపా, విడిగానా?

నాలుగో తీగ: అయ్యా, నా ‘ఉ’...

కీబోర్డు తమ్ముడు: ఇంకోటి. హోర్డ్ ముడి సరుకు, అందులో సింఫనీ వెతకొద్దు. అది కావాలంటే స్వీడన్ క్రిమ్సన్ మూన్‌లైట్ తొలి రోజులు వినండి. అసలు ఆంటెస్టర్ వాళ్లు ఏ నఞ్ గొడవా లేకుండా తమది ‘సారో మెటల్’ అన్నారు. శోకం. హాయిగా ఉంది.

నాలుగో తీగ: విరోధానికి ‘అసుర’ ఉండనే ఉంది. సురలకు విరోధులు. ఉస్వార్ట్ కూడా అంతే.

వ్యాకరణం మాస్టారు: అక్కడే దొరికిపోయావు. అసురలో ‘అ’ నఞ్ కానే కాదు. అది ప్రాణమనే అర్థమున్న అసు శబ్దం మీద ‘ర’. ఋగ్వేదంలో వరుణుణ్ణీ అసురుడనే అన్నారు. మొదటి అక్షరాన్ని నఞ్ అనుకుని విడగొట్టాక ‘సుర’ పుట్టింది.

పాత పుస్తకాల వీధి: మాస్టారూ, సంస్కృత నిఘంటువు అమరంలో దేవతల పేర్లు ‘అమరా నిర్జరా దేవాః’ అని మొదలవుతాయి. అందులో ‘సుర’ ఉంది కదా?

వ్యాకరణం మాస్టారు: అమరం ఎప్పటిది, ఋక్కు ఎప్పటిది! దీనికి వేరే పోస్టు పెట్టు, రాత్రి భోజనం చేసి వస్తా.