‘పాట తీయడం’ అంటే సరిపోతుందా?

ప్రొద్దుటూరు నుంచి ప్రశ్న: కళాశాల పత్రికకు మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ మీద వ్యాసం రాస్తున్నాను. మ్యూజిక్ వీడియోను తెలుగులో ఏమనాలి? దృశ్యగీతం, గీతచిత్రం అని రాసి రెండూ కొట్టివేశాను.

కర్నూలు నుంచి: కొట్టివేసి మంచి పని చేశారు. పాటకు మనకున్న క్రియలు చూడండి. పాట కడతాం. భజనలో ఒకరు ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. గొంతుతో రాగం తీస్తాం. కెమెరా వచ్చాక ఫోటో తీశాం, సినిమా తీశాం, ఆ వరుసలోనే ‘పాట తీశారు’ కూడా వచ్చింది. కొండారెడ్డి బురుజు దగ్గర షూటింగు జరిగితే చూసినవారు ‘అక్కడ పాట తీస్తున్నారు’ అనే చెబుతారు. ఇంత చక్కని మాట ఉండగా సమాసాలెందుకండీ?

అనంతపురం నుంచి: మాట బాగుంది, ‘థ్రిల్లర్’కు చాలదు. పాట తీయడమంటే పాట ముందే ఉంటుంది, బొమ్మ దాని వెంట నడుస్తుంది. ‘దొంగ’ (1985)లో చిరంజీవి ‘గోలీమార్’ అలాంటిదే. ‘థ్రిల్లర్’ను చూసి తీసినదైనా అందులో పాట పాటగానే ఉంది. 1983లో ‘థ్రిల్లర్’ దర్శకుడు జాన్ లాండిస్ చేసినది వేరు. రికార్డులో సుమారు ఆరు నిమిషాల పాట తెర మీద దాదాపు పద్నాలుగు నిమిషాలైంది. జంట వీధిలో నడుస్తుండగా చరణాలన్నీ వరుసగా వచ్చేస్తాయి. పల్లవిని మాత్రం దాచిపెట్టి, శవాలు సమాధుల్లోంచి లేచి ఆట మొదలుపెట్టాక గాని విననివ్వలేదు. కథ కోసం పాటను కోసి, మళ్లీ కుట్టారు. జాక్సన్ కూడా వీటిని వీడియోలు అనడానికి ఇష్టపడేవాడు కాదు, షార్ట్ ఫిల్మ్‌లు అనేవాడు. లఘుచిత్రం అని రాయండి.

ప్రొద్దుటూరు నుంచి: ధన్యవాదాలండీ. ‘విశేష ఆదరణ పొందింది’ అనే వాక్యం సరేనా?

కర్నూలు నుంచి: ఆ వాక్యం పత్రికల్లో అరిగిపోయింది. పైగా సగమే నిజం. జాక్సన్ అప్పట్లో యెహోవా సాక్షుల మతంలో ఉండేవాడు. వారి పెద్దలకు ఈ దయ్యాల కథ నచ్చలేదు. అందుకే క్షుద్రవిద్యల మీద నమ్మకాన్ని ఇది సమర్థించదని మొదట్లోనే అతని పేరుతో ఒక ప్రకటన వేశారు. ‘ఆదరణ’కు బదులు ‘స్పందన’ అంటే మెచ్చుకోలు, అభ్యంతరం రెండూ ఇముడుతాయి. తీసిన తీరును చూపే డాక్యుమెంటరీ కేసెట్లు విరివిగా అమ్ముడుపోవడం, 2009లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరిన తొలి మ్యూజిక్ వీడియో ఇదే కావడం రాస్తే విశేషణం అక్కర్లేదు. లఘుచిత్రం మాటకు నేనూ ఒప్పుకుంటున్నాను, అయితే ఈ ఒక్కదానికే!

కడప నుంచి: మరి మా గండికోటలో కుర్రవాళ్లు తీసుకునే పాటల వీడియోలను ఏమనాలి సార్?

అనంతపురం నుంచి: ప్రైవేటు పాట. ఘంటసాల సినిమాలకు బయట పాడినవాటినీ అలాగే అనేవారు. అప్పుడు రికార్డు, ఇప్పుడు డ్రోను.