‘పూర్వాగ్రహం’ అనవచ్చునా?

ఒంగోలు నుంచి ఒక సభ్యురాలు:
అయ్యా, నేను మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సామాజిక మాధ్యమాలలో కులాన్నో మతాన్నో ప్రాంతాన్నో పట్టుకొని సాటివారిని కించపరిచే రాతలు నా అంశం. ప్రశ్నావళిని తెలుగు చేస్తూ ‘ప్రెజుడిస్’ దగ్గర ఆగిపోయాను. హిందీవారి ‘పూర్వాగ్రహ్’ను తెచ్చుకోవచ్చునా?

నెల్లూరు నుంచి ఒక సభ్యుడు:
వద్దనే నా మనవి, అమ్మా. సంస్కృతంలో ఆగ్రహమంటే గట్టి పట్టు. ‘సత్యాగ్రహం’లో మనకూ ఆ అర్థమే నిలిచింది. విడిగా వాడితే మాత్రం తెలుగువారికి ఆగ్రహమంటే కోపమే. ‘ఫలానా వారిపై మీకు పూర్వాగ్రహం ఉందా’ అని అడిగితే, పాత కోపమేదో అడుగుతున్నారనుకొని, తమకు ఎవరిమీదా కోపం లేదని నిజాయితీగానే రాస్తారు, మీ కొలత అక్కడే తప్పుతుంది. 1954లో అమెరికా మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ ‘ప్రెజుడిస్’కు ఇచ్చిన నిర్వచనంలో ఉన్నది విముఖత. దానికి ఆధారం ఒక సమూహమంతటికీ తప్పుగా అంటగట్టిన, ఏం చెప్పినా సడలని అభిప్రాయం. మన వైపు టీకొట్టు దగ్గర నవ్వుతూనే ‘వాళ్లంతా అంతేలే’ అంటారు చూడండి, అది ఇదే. ఆ నవ్వు వల్లనే విన్నవారికి తప్పు తోచదు. ఆ విముఖత ముదిరే తీరుకు ఆల్‌పోర్ట్ చెప్పిన ఐదు మెట్లలో మొదటిది ఇటువంటి మాటే. దూరం పెట్టడం, వివక్ష, దాడి, సమూలనాశనం దాని తరువాతివి. అంతటి దారికి తొలి మెట్టయిన దానిని కోపమని పిలవడం నాకు సమ్మతం కాదు. ‘దురభిప్రాయం’ వాడండి. ‘వివక్ష’ చేతకు సంబంధించినది, దానితో కలపవద్దు.

ఒంగోలు సభ్యురాలు:
కృతజ్ఞతలండీ. అయితే నాకు దురభిప్రాయం ఉందని ఎవరూ ఒప్పుకోరు కదా?

నెల్లూరు సభ్యుడు:
నిజమే, ఆ పేరు మీ సిద్ధాంతగ్రంథంలోనే ఉండాలి. ప్రశ్నావళిలో ‘వాళ్లంతా అంతే’ వంటి వాక్యాన్నే ఇచ్చి, దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో అడగండి. మరొక్క మాట: ‘హేట్ స్పీచ్’కు పత్రికలు రాసే ‘విద్వేష ప్రసంగం’ కూడా మీ పనికి సరిపోదు. ప్రసంగమంటే మనకు వేదికా మైకూ గుర్తుకు వస్తాయి. ముఖం కనబడదన్న ధైర్యంతో అర్ధరాత్రి ఫోనులో రాసిన రెండు పదాల తిట్టును ఎవరూ ప్రసంగమనరు. ‘విద్వేషపు మాట’ అంటే పలికినదీ రాసినదీ రెండూ అందులో ఇముడుతాయి.

ఒంగోలు సభ్యురాలు:
శీర్షికలో ఆ మాటే పెడతానండీ. ప్రశ్నలు తిరగరాసి, ముందుగా మా వీధిలోని పదిమందికి చదివి వినిపిస్తాను.