ఐస్ హాకీని కెరీర్‌గా తీసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

బ్రాడీపేట అమ్మ:
మావాడికి పన్నెండేళ్లు. గుంటూరులో రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు. వేసవి సెలవులకి వచ్చిన మా తమ్ముడు టొరంటోలో తీసిన మ్యాచ్ వీడియోలు చూపించాడు. అప్పటినుంచి ఐస్ హాకీ ప్లేయర్ అవుతానని ఒకటే పట్టు. ఇంట్లో అందరూ నవ్వేస్తున్నారు. నాకు మాత్రం వాడి ఇష్టాన్ని తీసిపారేయాలనిపించట్లేదు. ఆ జీవితం ఎలా ఉంటుందండీ?

ఎడ్మంటన్‌లో తెనాలి:
అక్కా, మా అబ్బాయి ఇక్కడ కెనడాలో ఆడతాడు. పిల్లలకి రింక్, అంటే ఐస్ మైదానం, తరచూ తెల్లవారుజామునే దొరుకుతుంది. కారు మీద మంచు గీకి బయల్దేరతాం. స్కేట్లు, ప్యాడ్లు చూస్తుండగానే పొట్టివైపోతాయి, ఖర్చు బాగా ఎక్కువ. బాగా ఆడేవాళ్లు పదహారు, పదిహేడేళ్లకే ఇల్లు వదిలి, జూనియర్ జట్టున్న ఊళ్లో వేరేవాళ్లింట్లో ఉంటారు. నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది అదే.

18 ఏళ్లకి ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్. ఎన్‌హెచ్‌ఎల్ అంటే ఇక్కడి అతి పెద్ద లీగు, డ్రాఫ్ట్ అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకోవడం. 32 జట్లు, 7 రౌండ్లు. ఎంపికైనవాళ్లలో చాలామంది ముందు ఏహెచ్‌ఎల్ లాంటి కింది లీగుల్లో ఆడతారు, కొందరు అక్కడే ఆగిపోతారు. అలాగని డ్రాఫ్ట్ ఒక్కటే దారి కాదు. కెనడాలోని సర్రేకి చెందిన పంజాబీ కుర్రాడు అర్ష్‌దీప్ బెయిన్స్‌ని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. జూనియర్ లీగులో దుమ్ము రేపాడు, వాంకూవర్ జట్టు కాంట్రాక్ట్ ఇచ్చింది.

లేహ్‌లో పనిచేశాను:
నేను సైన్యంలో ఉండగా అక్కడ చూశానమ్మా. చలికాలంలో చెరువు గడ్డకడితే అదే మైదానం. సహజమైన మంచు ఉండేది కొద్ది వారాలే. నేను చూసిన మంచి ఆటగాళ్లకి ఇల్లు గడిచేది ఐటీబీపీ, లద్దాఖ్ స్కౌట్స్ ఉద్యోగంతోనే, ఆటతో కాదు. అలాంటి చోటినుంచి వెళ్లిన అమ్మాయిలే ఎక్కువగా ఉన్న మన మహిళల జట్టు 2025లో ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చింది. ఆ వార్త చదివి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

పటమట కోచ్:
మేడమ్, రోలర్ మీద వచ్చిన బ్యాలెన్స్ వృథా పోదు. కానీ రెండేసి చక్రాల జతలుండే క్వాడ్ స్కేట్లు కాకుండా, చక్రాలన్నీ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ వేయించండి. ఐస్ బ్లేడుకి దగ్గరగా ఉండేవి అవే. ఆగడం మాత్రం మళ్లీ నేర్చుకోవాలి. మంచు మీద బ్లేడుని అడ్డం తిప్పి, ఐస్‌ని చెక్కుతూ ఆగుతారు. మన విజయవాడలో అది నేర్పే వీల్లేదు. డెహ్రాడూన్‌లో 2011 దక్షిణాసియా వింటర్ గేమ్స్ కోసం కట్టిన రింక్ ఉంది, క్యాంపులు పెట్టినప్పుడు పంపవచ్చు.

బ్రాడీపేట అమ్మ:
దెబ్బల గురించే టెన్షన్ అండీ.

ఎడ్మంటన్‌లో తెనాలి:
భయం సహజం అక్కా. తలకి దెబ్బ తగలడాన్ని ఇక్కడ చాలా సీరియస్‌గా తీసుకుంటారు. 2013 నుంచి కెనడాలో పదకొండు, పన్నెండేళ్ల పిల్లల ఆటలో ఒంటితో గుద్దడం నిషేధించారు. పెద్ద లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లో మాత్రం 2025-26 ఒక్క సీజన్లోనే జట్టుకి 82 మ్యాచ్‌లు, ఊరూరా ప్రయాణాలు. మోకాళ్లు, భుజాలు అరిగిపోతాయి. 2025-26లో అక్కడ కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. అది విని మురిసిపోకండి. అందులో పన్నులు పోవాలి, పైగా ఎన్నేళ్లు ఆడతారో ఎవరూ చెప్పలేరు. చదువు మాత్రం ఆపించకండి. అమెరికా కాలేజీ జట్లలో ఆడుతూ డిగ్రీ చేసేవాళ్లు బోలెడుమంది.

పటమట కోచ్:
ఇంకోటి మేడమ్. ఎదుగుతాడు కదా అని పెద్ద సైజు స్కేట్లు కొనకండి. మడమ లోపల కదిలితే చీలమండ నిలవదు. ఆదివారం పొద్దున అబ్బాయిని తీసుకురండి, పాదం కొలిచి సైజు రాసిస్తాను.